ఖోడద్ యాంటెన్నాల దగ్గరికి రెండు ప్రయాణాలు

పుణె నుంచి నాసిక్ వెళ్ళే దారిలో సుమారు 75 కిలోమీటర్ల దూరాన నారాయణ్‌గావ్ వస్తుంది. టమాటా మార్కెట్టుకూ ద్రాక్షతోటలకూ పేరున్న ఊరు. అక్కడి నుంచి ఖోడద్‌కు పొలాల మధ్య ఆటోలో వెళుతుంటే, చెట్ల వెనక ఒక తెల్లని డిష్ అంచు కనబడుతుంది. కాసేపటికి మరొకటి, ఆ వెనకే ఇంకొకటి. నక్షత్రాలు, గెలాక్సీల నుంచి వచ్చే రేడియో అలలను ముప్పై డిష్‌లతో పట్టే జెయింట్ మీటర్‌వేవ్ రేడియో టెలిస్కోప్ ఇదే. అక్కడ అందరూ జీఎంఆర్‌టీ అంటారు.

హైదరాబాద్ నుంచి నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి ఫిబ్రవరి 28న, జాతీయ సైన్స్ దినోత్సవానికి. బడిపిల్లల ప్రదర్శనలు, జాతరలాంటి సందడి. ఆ ఉత్సాహం చూడదగ్గదే కానీ, ఒక ప్రశ్న నిదానంగా అడిగి జవాబు వినే వీలు దొరకలేదు. రెండోసారి ముందుగా అనుమతి తీసుకుని, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయితో మామూలు రోజున వెళ్ళాను. మీరు వెళితే అలాగే వెళ్ళండి.

బస విషయంలోనూ రెండూ చూశాను. మొదటిసారి పుణెలో దిగి కారు మాట్లాడుకున్నాను. చెప్పిన ధర ఒకటి, తిరిగొచ్చాక 'వెయిటింగ్' పేరుతో వసూలు చేసింది మరొకటి. రోజంతా నగరం ట్రాఫిక్‌కే సరిపోయింది. రెండోసారి నారాయణ్‌గావ్‌లో చిన్న లాడ్జిలో ఉన్నాం. వేడినీళ్ళు ఉదయం ఎనిమిది వరకే, లిఫ్టు లేదు, కానీ పక్కబట్టలు శుభ్రంగా ఉన్నాయి. రాత్రి వేడి జొన్నరొట్టె, పిఠ్లా (శనగపిండి కూర) తిన్నాం. పుణె వెళ్ళే ప్రభుత్వ ఎస్టీ బస్సులు ఆ దారినే పోతాయి. ఆటోకు మాత్రం రానుపోను కలిపి ముందే మాట్లాడుకోవాలి.

గేటు దగ్గరే ఫోన్లు ఆపేయమన్నారు. అమ్మాయి ముఖం ముడుచుకుంది. కానీ ఈ యాంటెన్నాలు పట్టే సంకేతాలు ఎంత బలహీనమైనవంటే, దగ్గరలో ఒక్క ఫోన్ పలికినా అవి వినబడకుండా పోతాయి. రేడియో రొద తక్కువగా ఉంటుందనే ఈ చోటును ఎంచుకున్నారు.

ఒక్కో డిష్ వెడల్పు 45 మీటర్లు. దగ్గరికి వెళితే పళ్ళెంలా ఉండదు, సన్నని స్టీలు తీగల వలలా ఉంటుంది. దాని గుండా ఆకాశం కనబడుతుంది. పట్టాల్సిన అలలు 21 సెంటీమీటర్లు, అంతకంటే పొడవైనవి కాబట్టి ఆ చిన్న కంతల్లోంచి జారిపోకుండా వల మీద పడి వెనక్కి మళ్ళుతాయి. గాలి మాత్రం దూసుకుపోతుంది, అందువల్ల బరువూ ఖర్చూ తగ్గాయి. ఈ టెలిస్కోప్‌కు రూపమిచ్చిన గోవింద్ స్వరూప్ ఆలోచన అది. ఆయన 2020లో కన్నుమూశారు.

మాకు చూపించిన ఇంజినీరును అమ్మాయి అడిగింది: "ఒకటే పెద్దది కట్టకుండా ముప్పై ఎందుకండీ?" ఆయన నేల మీద గీతలు గీసి చెప్పారు. ఒక్క డిష్ 21 సెంటీమీటర్ల అలతో చూస్తే, చందమామ వెడల్పులో సగానికి కాస్త పైగా ఉండే మేరలోని వివరాలన్నీ కలిసిపోయి ఒకే మచ్చ అవుతుంది. రెండు డిష్‌లను దూరదూరంగా పెట్టి కలిపితే చూపు పదునెక్కుతుంది. ఇక్కడ గరిష్ఠ దూరం సుమారు 25 కిలోమీటర్లు. అప్పుడు చందమామ వెడల్పులో దాదాపు తొమ్మిది వందో వంతు ఉన్న వివరం కూడా విడిగా తెలుస్తుంది.

కలపడమంటే ఏమిటో నాకు అక్కడే అర్థమైంది. వాన జల్లు పొలంలో ఒక గట్టు నుంచి మరో గట్టుకు నడిచివచ్చినట్టు, ఏటవాలుగా వచ్చే అల ఒక డిష్‌ను ముందు, మరొకదాన్ని తర్వాత తాకుతుంది. ఒక కిలోమీటరు ఎక్కువ దారికి 3.3 మైక్రోసెకన్ల ఆలస్యం. డిష్‌లన్నింటి సంకేతాలూ ఫైబర్ కేబుళ్ళలో మధ్య భవనానికి చేరతాయి. అక్కడ ఆ ఆలస్యాన్ని సరిచేసి, ప్రతి రెండింటినీ జతచేసి పోలుస్తారు. ముప్పై డిష్‌లకు 435 జతలు. దగ్గరి జతలు వెడల్పుగా పరుచుకున్న మసక వెలుగును పడతాయి, దూరపు జతలు సన్నని వివరాన్ని పడతాయి. అందుకే 14 డిష్‌లు కిలోమీటరు చదరంలో గుంపుగా, మిగిలిన 16 మూడు చేతులుగా 'వై' ఆకారంలో ఉన్నాయి. భూమి తిరుగుతుంటే ఆకాశం వైపు నుంచి చూసినప్పుడు ఈ జతల దిశలు మారుతూ పోతాయి, గంటల తరబడి చూసేకొద్దీ చిత్రంలోని ఖాళీలు నిండుతాయి. 2023లో ప్రకటించిన ఒక పరిశీలనలో, 880 కోట్ల ఏళ్ళ క్రితం బయలుదేరిన హైడ్రోజన్ సంకేతాన్ని ఇక్కడే పట్టారు. హైడ్రోజన్ వెలువరించే 21 సెంటీమీటర్ల అల, విశ్వం వ్యాకోచిస్తుండడంతో దారిలో సాగి సాగి 48 సెంటీమీటర్లయింది. మధ్యలో ఉన్న మరో గెలాక్సీ గురుత్వం దాన్ని పెంచి చూపడం కలిసొచ్చింది.

చాలామంది మధ్య గుంపు చూసి వెనుదిరుగుతారు. నా మాట విని ఒక గంట మిగుల్చుకోండి, చేతుల్లోని ఒక డిష్ దగ్గరికి కూడా వెళ్ళండి. కంచె బయట రోడ్డు మీద నుంచే కనబడుతుంది, లోపలికి వెళ్ళక్కర్లేదు. మేము వెళ్ళినచోట పక్కన ఉల్లి పొలం, మోటారు చప్పుడు. దాని జతగాళ్ళలో ఒక్కటీ కనుచూపు మేరలో లేదు. చూస్తుండగానే డిష్ నెమ్మదిగా పడమటికి వాలడం మొదలుపెట్టింది. "నాన్నా, మనం పొద్దున చూసినవి కూడా ఇప్పుడు ఇటే తిరుగుతున్నాయా?" అంది అమ్మాయి. ఇద్దరం ఆటో దిగి, ఆ డిష్ ఆగేదాకా నిలబడ్డాం.