కాకినాడ: ఉత్తరానికి జరుగుతూ వచ్చిన రేవు

కాకినాడ మీదుగా వెళ్ళేవాళ్ళలో చాలామంది అన్నవరం దర్శనానికో పిఠాపురం పాదగయకో పోతూ ఒక పూట ఇక్కడ ఆగి, భోజనం చేసి, గొట్టం కాజాలు కట్టించుకుని బయలుదేరతారు. తిండి విషయంలో వాళ్ళను తప్పు పట్టలేను. కానీ ఈ ఊళ్ళో అసలు చూడవలసింది రేవు. చిక్కేమిటంటే అది ఒకచోట లేదు. గోదావరి తెచ్చి పోసే మేటకు తప్పుకుంటూ దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతూ వచ్చింది. అందుకే యాత్రను కోరంగిలో మొదలుపెట్టి ఉప్పాడలో ముగించమంటాను. ఆ వరుస తప్పితే మడ అడవి, వంతెన, బీచి, చీరలు అన్నీ ఒకదానికొకటి సంబంధం లేనట్టు కనిపిస్తాయి.

యానాం రోడ్డులో వెళ్తే కోరంగి వస్తుంది. ఒకప్పుడు ఇక్కడ ఓడలు కట్టేవారు, మరమ్మతుకు దూరం నుంచి వచ్చేవి. 1839 నవంబరు తుఫానులో ఉప్పెన ఊరిని ముంచేసింది. ఆ తర్వాత మేట కూడా పెరిగి రేవు మళ్ళీ కోలుకోలేదు. ఇప్పుడు అక్కడ రేవు ఆనవాళ్ళు వెతికితే నిరాశే మిగులుతుంది. ఓడలు తిరిగిన పాయల చుట్టూ మడ అడవి పరుచుకుంది. 1978లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు, విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. చెట్ల మధ్యగా వేసిన చెక్క బాట బాగుంది. పాటు మీద, అంటే నీరు వెనక్కి తీసినప్పుడు వెళ్తే బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన ఊపిరి వేళ్ళు, వాటి మధ్య పీతలు కనిపిస్తాయి. పోటు మీద, నీరు ఎక్కినప్పుడు వెళ్తే పడవ షికారు సాఫీగా సాగుతుంది. రెండూ ఒకే గంటలో దొరకవు, ఏది కావాలో ముందే తేల్చుకోవాలి. బావురుపిల్లి, నీటికుక్కల బొమ్మలు బోర్డుల మీద చూసి ఆశ పెట్టుకోవద్దు. ఆదివారం జనం చేసే గోలకు అవి బయటికి వస్తే ఆశ్చర్యమే. సెలవు లేని రోజు, పొద్దున్నే వెళ్ళండి. అదే రోడ్డులో తాళ్ళరేవు దగ్గర ఇప్పటికీ చెక్క పడవలు కడుతుంటారు. రోడ్డు పక్కన ఎముకల గూడులా నిలబడ్డ పడవను చూస్తే కోరంగి పనివాళ్ళ విద్య ఎక్కడికి పోయిందో తెలుస్తుంది.

కోరంగి తర్వాతి అంకం జగన్నాథపురం. మెయిన్ రోడ్డు దక్షిణం కొస నుంచి ఉప్పుటేరు వంతెన దాటితే ఆ పేట మొదలవుతుంది. డచ్చివారు 18వ శతాబ్దంలో ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకుని, 1825లో ఇంగ్లీషువారికి వదిలేశారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టి కాలువలు తవ్వాక డెల్టా పంటంతా పడవల మీద ఇక్కడికి దిగేది. 1860లలో అమెరికా అంతర్యుద్ధం వల్ల బ్రిటన్‌కు పత్తి కరవైనప్పుడు ఈ రేవు దశ తిరిగింది. రంగూన్ వెళ్ళే తెలుగు కూలీలెందరో ఈ తీరంలోనే ఓడ ఎక్కారు. కెనడా బాప్టిస్టు మిషనరీలు 1874లో ఇక్కడికి వచ్చి చేరారు. జపాను విమానాలు 1942 ఏప్రిల్ 6న విశాఖతో పాటు కాకినాడ మీదా బాంబులు వేశాయంటే కారణం ఈ రేవే.

ఇంత కథ ఉన్న చోట నిలబడితే చేపల బుట్టలు, లంగరేసిన పడవలు, మురుగు వాసన. పాత గోదాముల ముందు ఒక్క బోర్డు లేదు. 2016లో స్మార్ట్ సిటీల తొలి జాబితాలో చోటు సంపాదించిన ఊరికి నాలుగు బోర్డులు పెట్టడం భారమా? అయినా నాకు కాకినాడ మొత్తంలో బాగా నచ్చింది ఇక్కడే. వంతెన మీద పొద్దున ఒక గంట నిలబడితే బోట్ల రాకపోకలు తీరికగా చూడవచ్చు.

అఖాతం లోతు తక్కువ కాబట్టి పెద్ద ఓడలు దూరంగానే లంగరేసేవి. బార్జీల మీద బియ్యం వాటికి చేరవేసేవారు. ఆ పద్ధతి ఇంకా పోలేదు. 1990లలో ఊరికి ఉత్తరాన లోతైన రేవు వచ్చింది, ఓడలు గట్టుకే ఆనుతున్నాయి. లోపలికి సందర్శకులను పోనివ్వరు, ఆ ఆశతో ఆటో మాట్లాడుకోవద్దు. అఖాతానికి అడ్డుగోడలా ఉన్న హోప్ ద్వీపం గోదావరి ఇసుకతోనే ఏర్పడింది. రేవును పూడ్చే ఇసుకే ఊరిని అలల నుంచి కాస్తోంది. అక్కడికి పడవ, అనుమతి, వాతావరణం మూడూ కుదరాలి. కుదిరాకే ఆ రోజుకు మిగతా పనులు పెట్టుకోండి.

బస విషయంలో మొహమాటం లేకుండా చెబుతాను. బీచి వైపు ఒక లాడ్జిలో సముద్రం కనిపించే గది అని ఎక్కువ తీసుకున్నారు. కిటికీ తెరిస్తే నూనె ట్యాంకులు కనిపించాయి. వాకలపూడి చుట్టూ వంటనూనె శుద్ధి కర్మాగారాలు ఉన్నాయి, గాలి అటు నుంచి వీస్తే ఆ వాసన గదిలోకే వస్తుంది. మర్నాడు భానుగుడి కూడలి దగ్గరకు మారాను. గది చిన్నదే, కానీ శుభ్రంగా ఉంది, బస్సులూ ఆటోలూ గుమ్మంలోనే. వీధులు తిన్నగా ఉంటాయి కాబట్టి కాకినాడలో దారి తప్పడం కష్టం. ఆటో అతను మాత్రం ‘ఆయ్, అలాగేనండి’ అంటూనే బేరంలో ఒక్క రూపాయి తగ్గడు.

రామారావుపేటలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ప్రదర్శనశాల ఉంది. తాళపత్రాలు, రాగి శాసనాలు చూడవచ్చు. పరిషత్తు 1911లో మద్రాసులో పుట్టి తర్వాత ఇక్కడికి వచ్చింది, పిఠాపురం రాజావారి అండ దానికి దక్కింది. నేను వెళ్ళినప్పుడు నేను తప్ప మరో సందర్శకుడు లేడు. 1923 డిసెంబరులో మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షతన కాంగ్రెసు మహాసభ జరిగిందీ ఈ ఊళ్ళోనే. టికెట్టు లేదని నెహ్రూను ఖాదీ ప్రదర్శన గుమ్మంలో ఆపిన చిన్నపిల్ల దుర్గాబాయి. ఈ ఊరివాళ్ళకు రేవు కన్నా ఈ కథే ఎక్కువ ఇష్టం.

భోజనానికి సుబ్బయ్య హోటల్ పేరు ఎవరైనా చెబుతారు, నేనూ అదే చెబుతాను. పన్నెండు దాటకముందే వెళ్ళండి.

చివరి మజిలీ ఉప్పాడ. దక్షిణాన మేట వేసిన సముద్రం ఇక్కడ నేలను కోసుకుపోతోంది. గట్టి తుఫాను వచ్చినప్పుడల్లా బీచి రోడ్డు దెబ్బ తింటుంది, రాళ్ళు పోస్తారు, మళ్ళీ పోతాయి. వెళ్ళేముందు రోడ్డు తెరిచి ఉందో లేదో కనుక్కోండి, లేకపోతే పిఠాపురం చుట్టూ తిరిగి రావాలి. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన జాందానీ చీరలు కొనాలంటే మగ్గం నడిచే ఇంటికే వెళ్ళి, తిరగేసి చూపించమని అడగండి. నేతలో అల్లిన బుటా రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. ధర వింటే గుండె ఝల్లుమంటుంది, కానీ ఒక చీరకు వారాల తరబడి పని పడుతుంది.

తిరుగు ప్రయాణానికి కాకినాడ టౌన్ స్టేషన్లో మీకు కావలసిన రైలు లేకపోతే బెంగ వద్దు. అది ప్రధాన మార్గం మీద లేదు. సామర్లకోటలో చాలా రైళ్ళు ఆగుతాయి, బస్సులో దగ్గరే. గంట ముందు చేరుకుంటే భీమేశ్వరాలయం కూడా చూసి రావచ్చు.