ఫోల్డ్‌స్కోప్: కేంద్రకం దాకా భేష్, దాని పొర అడగొద్దు

బడిపిల్లలకు ఉల్లిపొర కణాలు చూపించడానికి ఫోల్డ్‌స్కోప్ అనే కాగితపు మైక్రోస్కోపు కొనొచ్చా అంటే, నిక్షేపంగా కొనొచ్చు. కేంద్రకాన్ని చుట్టి ఉండే పొర, అంటే కేంద్రకత్వచం, చూపిద్దామనుకుంటే మాత్రం ఇదే కాదు, బడి ల్యాబులో ఉండే ఏ మైక్రోస్కోపూ పనికిరాదు.

స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్, జిమ్ సిబుల్‌స్కీ బృందం రూపొందించి 2014లో వివరాలు ప్రచురించిన ఈ కాగితపు మడతల పరికరంలో అసలు సరుకంతా ఓ బుల్లి గాజు గోళీ. 140 రెట్లు పెంచి చూపిస్తుంది, 2 మైక్రాన్ల ఎడం ఉన్నవాటిని విడివిడిగా చూపిస్తుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఉల్లి కేంద్రకం 10 మైక్రాన్ల పైమాటే కాబట్టి తేలిగ్గా అందుతుంది.

చిక్కంతా స్లైడు తయారీలోనే. గోళీకీ ఉల్లిపొరకీ మధ్య ఎడం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. ఉల్లిపొర మీద కప్పే పల్చటి గాజు, అదే కవర్‌స్లిప్, గోళీ వైపు ఉండాలి. తిరగేసి పెడితే స్లైడు గాజు మందమే దాదాపు మిల్లీమీటరు, ఇక ఫోకస్ కుదిరే ప్రశ్నే లేదు. పొర మడతపడినా, నీళ్లు ఎక్కువైనా ఒకచోట తేటగా, పక్కనే మసకగా ఉంటుంది. ఉల్లి రేకు లోపలి వైపు పొరను గోరంత తీసి, నీటిచుక్కలో పరిచి, ఒక్క చుక్క సాఫ్రనిన్ అనే ఎర్ర రంగు వేసి నిమిషం ఆగండి. మిగులు రంగు కడిగేయకపోతే కణకవచాలూ ఎర్రబడి కేంద్రకం వాటిలో కలిసిపోతుంది. కవర్‌స్లిప్‌ను ఓ అంచు ఆనించి సూదితో మెల్లగా దించాలి, లేదంటే గాలిబుడగలు. నల్లటి మందపాటి అంచుతో గుండ్రంగా ఉన్న ప్రతి బుడగనూ పిల్లలు కేంద్రకం అనే రాసేస్తారు!

కేంద్రకాన్ని కణం నడిమధ్యన వెతక్కండి. కణం లోపలి నీటి సంచి లాంటి పెద్ద రిక్తిక దాన్ని గోడ వారకు నెట్టేసి ఉంటుంది. కొన్ని కణాల్లో అసలు కనిపించకపోతే, పొర ఊడదీసేటప్పుడు అవి చిరిగి ఉండొచ్చు, లేదా కేంద్రకం ఫోకస్‌కు కింద ఉండొచ్చు.

కనిపించాక దాని చుట్టూ ఓ గీత కూడా తోస్తుంది. దానికి బాణం గీసి ‘కేంద్రకత్వచం’ అని రాయించకండి. అది అంచు దగ్గర వెలుగు వంగడం వల్ల వచ్చిన గీత. అసలు త్వచం రెండు పొరలు. ఒక్కోటి 10 నానోమీటర్ల (నానోమీటరు మైక్రాన్‌లో వెయ్యో వంతు) లోపే, మధ్య ఖాళీ 20 నుంచి 40. బయటి పొర కణం లోపల అల్లుకుని ఉండే పొరల వల, అంటే అంతర్జీవద్రవ్యజాలంతో కలిసిపోయి ఉంటుంది. ఆర్‌ఎన్‌ఏ, ప్రోటీన్లు రాకపోకలు సాగించే రంధ్రాలు కూడా సుమారు 100 నానోమీటర్లే. మామూలు వెలుగుతో 200 నానోమీటర్ల కంటే చిన్నవి విడివిడిగా తెలియవు. 1950లో కాలన్, టామ్లిన్ అనే శాస్త్రవేత్తలు ఈ రెండు పొరల్నీ రంధ్రాల్నీ చూపింది ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతోనే.

కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాను చూపడం కూడా ఫోల్డ్‌స్కోప్‌కు చేతకాదు. హైడ్రిల్లా ఆకులో హరితరేణువులు మాత్రం ముచ్చటగా కనిపిస్తాయి, లేత ఆకు తీసుకోండి. వెలుతురుకు కిటికీ చాలు, ఎల్‌ఈడీ అయితే మరీ మంచిది. సూర్యుడి వైపు పెట్టి మాత్రం చూడనివ్వకండి.