డివిజన్ 1లో మూడో అసిస్టెంటా, జూనియర్ కాలేజీలో అసిస్టెంటా?

అమెరికాలో ఆట ముగించి కాలేజీ కోచింగ్‌లోకి రావాలనుకునే బేస్‌బాల్ ఆటగాడికి తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది.

కాలేజీ ఆటల్లో పై అంచె అయిన డివిజన్ 1లో 2023 జూలై దాకా అట్టడుగు కుర్చీ జీతం లేని ‘వాలంటీర్’ది, వేసవి క్యాంపుల డబ్బే ఆధారం. ఇప్పుడు హెడ్ కోచ్ కాక ముగ్గురు అసిస్టెంట్లకు జీతం ఇవ్వొచ్చు. ఎంత అన్నది కాలేజీ ఇష్టం. పని పరిధి ఇరుకు: ఫస్ట్ బేస్ దగ్గర నిలబడి పరుగెత్తేవాళ్లకు సూచనలివ్వడం, క్యాచర్ల డ్రిల్స్, వీడియో. సీజన్లో ఆటగాళ్లతో సాధన వారానికి 20 గంటలు మించకూడదు. హెడ్ కోచ్‌ను తీసేస్తే, కిందివాళ్లూ చాలాసార్లు పెట్టె సర్దుకోవాల్సిందే.

రెండేళ్ల చదువుండే జూనియర్ కాలేజీలో పేరు చిన్నది, చాకిరీ పెద్దది. బంతి విసిరే పిచ్చర్లను తీర్చిదిద్దడం, వాళ్లు నిలబడే దిబ్బ (మౌండ్) మట్టి తడిపి దిమ్మిసతో కొట్టడం, కొన్నిచోట్ల వ్యాన్ నడపడం కూడా ఒకరి మీదే. ఆటగాళ్లు ఉండేది రెండేళ్లే. ప్రొఫెషనల్ జట్లు ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌కు మొదటి ఏడాది తర్వాత కూడా వెళ్లే వీలుండటంతో మంచి పిచ్చర్ ముందే చేజారొచ్చు. అయినా పిచింగ్ నేర్పాలన్న కోరిక ఉంటే ఇదే మేలు, బుల్‌పెన్ (పిచ్చర్ల బృందం) మొత్తం చేతికొస్తుంది.

ఎటు వెళ్లినా జీతం, ఆరోగ్య బీమా, క్యాంపు డబ్బులో వాటా ముందే కాగితం మీద రాయించుకోవాలి.