రిపోర్టులన్నీ నార్మల్ అయినవాళ్ల సపోర్ట్ గ్రూప్: మూడేళ్ల తర్వాత నా మాట

ముందే చెప్పేస్తాను, ఈ గ్రూప్‌లో చేరితే నొప్పులు తగ్గుతాయా అంటే తగ్గవు. నాకైతే తగ్గలేదు. మూడేళ్లుగా వారానికి ఒకసారి గంటన్నర సేపు వీడియో కాల్‌లో ఉంటున్నాను, అదీ చాలాసార్లు కూర్చునే ఓపిక లేక, కెమెరా ఆపేసి, ఫోన్ దిండు పక్కన పెట్టుకుని పడుకునే. ఎనిమిది మందిమి, అందరం ఆడవాళ్లమే. చేరేనాటికి అందరికీ ఏదో ఒకటి ఉంది, దాని పేరేమిటో ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఇద్దరికి తెలిసింది, ఆ సంగతి తర్వాత.

నా కథ పెద్దదేం కాదు. నాలుగున్నరేళ్ల కింద ఒక జ్వరం వచ్చింది. జ్వరం పోయింది, నీరసం మాత్రం ఉండిపోయింది. కీళ్ల నొప్పులు, లేచి నిలబడితే గుండె దడ, చదివిన పేరానే మూడుసార్లు చదవాల్సి రావడం. థైరాయిడ్, బీ12, విటమిన్ డి, ఫెరిటిన్, ఏఎన్ఏ, ఈసీజీ, ఎంఆర్ఐ... అన్నీ చేయించాను, అన్నీ నార్మల్. మూడో డాక్టర్ రిపోర్టులు పక్కన పెట్టి, "టెన్షన్ పెట్టుకోకండి, ఏదో ఒక పనిలో పడితే అదే పోతుంది" అన్నారు. ఏ పనీ చేయలేకపోతున్నానని చెప్పుకోవడానికే కదా ఆయన దగ్గరికి వెళ్లింది! రిపోర్టు నార్మల్ అని తెలిసి ఏడ్చానంటే ఇంట్లో వాళ్లకే అర్థం కాలేదు.

గ్రూప్‌లో ఒక్కటే గట్టి నియమం. మాట్లాడబోయే ముందు "నాకు సలహా కావాలి" అనో, "వింటే చాలు" అనో చెప్పాలి. మొదట్లో నాకిది చాదస్తంలా అనిపించింది. నా వంతు వచ్చినప్పుడు "వింటే చాలు" అని మొదలుపెట్టి ఏడెనిమిది నిమిషాలు మాట్లాడాను, ఒక్కరూ అడ్డు రాలేదు. బయటైతే రెండో వాక్యానికే ఎవరో ఒకరు పొద్దున్నే లేచి నడవమంటారు, లేదంటే వాళ్ల చుట్టాలావిడకి ఇలాగే ఉండి ఫలానా మందుతో తగ్గిపోయిందంటారు. నేను ఆపాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరికంటే పెద్దావిడ ఒక్క ప్రశ్న అడిగింది. "స్నానం చేశాక ఎంతసేపు పడుకోవాల్సి వస్తోందమ్మా నీకు?"

నేను స్నానం మాట ఎత్తనే లేదు. స్నానం చేసి వచ్చి తడి జుట్టుతోనే అరగంట మంచం మీద పడి ఉంటానని ఎవరికీ చెప్పలేదు, సిగ్గు. ఆవిడకి అదెలా తెలుసంటే ఆవిడకీ అంతే కాబట్టి. ఆ రాత్రి నేను నిద్రపోయానని చెప్పను గానీ, నేను నటిస్తున్నానేమో అని నా మీద నాకే ఉన్న అనుమానం మాత్రం ఆ ప్రశ్నతో వదిలింది.

చెంచాల లెక్క కూడా ఇక్కడే నేర్చుకున్నాను. 2003లో లూపస్ (ఒంట్లోని రోగనిరోధక శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బు) ఉన్న ఒక అమెరికన్ మహిళ తన స్నేహితురాలికి రోజంతటి ఓపికని చెంచాలతో లెక్కగట్టి చూపించింది, ఒక్కో పనికి ఒక్కో చెంచా ఖర్చు, అయిపోతే అయిపోయినట్టే. మూడు నెలలకోసారి ఇంటివాళ్లని కూడా కూర్చోబెట్టే రోజు ఒకటుంటుంది, ఆ రోజు మా చెల్లెలు వచ్చి ఏమీ మాట్లాడకుండా విని వెళ్లింది. అప్పట్నుంచి ఫోన్ చేస్తే "ఎలా ఉన్నావక్కా" అనడం మానేసి "ఇవాళ ఎన్ని మిగిలాయక్కా?" అంటోంది. ఎలా ఉన్నావంటే బాగున్నానని అబద్ధం చెప్పాలి, దీనికైతే "రెండు" అంటే సరిపోతుంది.

మాలో ఒకామె తెగ చదువుతుంది. కారణం దొరకని ఆడవాళ్ల బాధలకి ఒకప్పుడు అంటగట్టిన హిస్టీరియా అన్న మాట గర్భాశయానికి గ్రీకులో ఉన్న పేరు నుంచి వచ్చిందనీ, అమెరికా సైకియాట్రీ వాళ్ల జబ్బుల మాన్యువల్‌లోంచి ఆ పేరు 1980లో గానీ పోలేదనీ ఆమే చెప్పింది. 1977 నుంచి 1993 దాకా అక్కడ మందుల తొలి దశ పరీక్షల్లో పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లని చేర్చుకోవద్దని ఎఫ్‌డీఏ (మందులకి అనుమతిచ్చే అక్కడి ప్రభుత్వ సంస్థ) సలహా ఉండేదట. ఇవి తెలిస్తే నొప్పి పోదు, కానీ అప్పటిదాకా నా మీద నేను తిప్పుకుంటున్న కోపం కొంచెం పక్కకి జరిగింది. పనికొచ్చిన ఇంకో ముక్క: మామూలు పనికే ఒకటి రెండు రోజుల తర్వాత కుప్పకూలిపోయే క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్‌లో, రోజు రోజుకీ వ్యాయామం పెంచుకుంటూ పోయే పద్ధతిని ఇవ్వొద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే సంస్థ నైస్ 2021లో తన మార్గదర్శకాల్లో చెప్పింది. నాకు ఆ జబ్బే అని ఎవరూ తేల్చలేదు, కానీ అందరూ నడవమంటే పంతానికి నడిచి నాలుగు రోజులు మంచం పట్టినదాన్ని, కాబట్టి ఆ మాట విన్నప్పుడు కాస్త ఊరట.

ఇక లోపాలు. కొన్ని వారాలు ఎవరి బాధ పెద్దదో తేల్చుకునే పోటీలా అయిపోతుంది, అలాంటి కాల్ తర్వాత మర్నాడంతా లేవలేను. ఒకామె చేరిన రెండో వారానికే పొడులు అమ్మడం మొదలుపెట్టింది, నడిపే ఆవిడ వెంటనే పంపించేసింది, మంచి పని చేసింది. ఇంతకంటే భయపెట్టింది వేరే ఉంది. మాలో ఒకరికి కుడి పక్కటెముకల కింద కొత్తగా నొప్పి మొదలైతే, మేమంతా అలవాటుగా "మాకూ ఉంటుందిలే, నిన్ను నమ్ముతున్నాం" అంటూ ఓదార్చేస్తున్నాం. నడిపే ఆవిడే ఆపి, ఇది కొత్త నొప్పి, రేపే డాక్టర్‌కి చూపించమని గట్టిగా చెప్పింది. పిత్తాశయంలో రాళ్లు. నమ్మడం మా పనే, కానీ ఆ రోజు మా నమ్మకమే ఆమెని ఇంట్లో కూర్చోబెట్టేది.

పేరు దొరికిన ఇద్దరి సంగతి. ఒకామెకి తొమ్మిదేళ్ల తర్వాత లాపరోస్కోపీలో (పొట్టకి చిన్న గాటు పెట్టి కెమెరాతో చూడటం) ఎండోమెట్రియోసిస్ అని తేలింది, అంటే గర్భాశయం లోపలి పొర లాంటిది బయట పెరగడం, అంతకు ముందు స్కాన్లన్నీ నార్మల్. పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడవాళ్లలో దాదాపు 10 శాతం మందికి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే జబ్బే ఇది, అరుదైనదేం కాదు. రెండో ఆమెని పది నిమిషాలు నిలబెట్టి చూస్తే గుండె వేగం అంతకు ముందు కంటే నిమిషానికి 30 సార్లకి పైగా ఎక్కువైంది, పాట్స్ అన్నారు, అంటే లేచి నిలబడితే గుండె వేగం మరీ పెరిగిపోయే జబ్బు. నేనూ ఆశగా అదే పరీక్ష చేయించుకున్నాను, నాకు పెరిగింది 18 దగ్గరే ఆగింది. ఆ వారం కాల్‌లో ఆమెకి శుభాకాంక్షలు చెప్పి, మ్యూట్ చేసి ఏడ్చాను. జబ్బు ఉందని తేలిన మనిషిని చూసి అసూయపడ్డానంటే వినేవాళ్లు ఏమనుకుంటారో! రెండు వారాలు కాల్‌కి వెళ్లలేదు. తర్వాత వెళ్లి, "వింటే చాలు" అని మొదలుపెట్టి అదే చెప్పాను. ఇంకో ముగ్గురు తమకీ అలాగే అనిపించిందన్నారు. పేరు దొరికినామె అయితే, తను సంతోషపడినందుకు మా ముందు తప్పు చేసినట్టు అనిపించిందని చెప్పింది. మూడేళ్లలో నాకు బాగా గుర్తుండిపోయిన కాల్ అదే.

కౌన్సెలింగ్ కూడా తీసుకున్నాను. మొదటి ఆవిడ ప్రతి నొప్పికీ చిన్నతనంలో కారణం వెతికేది, నాలుగు సార్లకే మానేశాను. రెండో ఆవిడ "నొప్పి నిజం, దాంతో బతకడం ఎలా ఉందో మాట్లాడుకుందాం" అంది, ఇప్పటికీ నెలకోసారి వెళ్తున్నాను. బాగా కుంగిపోయిన రోజుల్లో గ్రూప్ కంటే ఆవిడే ఆసరా. చచ్చిపోవాలనిపించేంత చీకట్లో ఉన్నవాళ్లయితే వచ్చే వారం కాల్ కోసం ఆగొద్దు, వెంటనే డాక్టర్‌తోనో కౌన్సెలర్‌తోనో మాట్లాడండి. ఎనిమిది మంది నీరసంగా ఉన్న ఆడవాళ్లు మోయగల బరువు కాదది.

అయిదుకి నాలుగు ఇస్తాను. ఇలాంటి గ్రూప్ ఏదైనా చూస్తుంటే, నడిపేవాళ్లకి మనిషిని ఆపే ధైర్యం ఉందో లేదో మొదటి రోజే గమనించండి. మాట్లాడకుండా కూర్చోనిస్తారో లేదో కూడా చూడండి. నేను మొదటి రెండు నెలలు నోరు విప్పలేదు, ఎందుకని ఎవరూ అడగలేదు.