ఫోన్‌కి మెసేజ్ వచ్చే బోన్లు కొనేముందు ఒక్కసారి ఇది చదవండి

బెంగళూరులో అపార్ట్‌మెంట్ కమిటీల్లో ఉన్న మన తెలుగువాళ్ళకి చెప్తున్నా. జంతువు పడగానే ఫోన్‌కి మెసేజ్ వస్తుందంటూ సిమ్ కార్డు పెట్టిన బోన్లు అమ్ముతున్నారు కదా, అవి తీసుకునే ఆలోచన ఉంటే కాస్త ఆగండి.

మాది వైట్‌ఫీల్డ్ వైపు, రెండు బేస్‌మెంట్లున్న అపార్ట్‌మెంట్. పందికొక్కులు కార్ల వైర్లు కొరికేస్తున్నాయని పెద్ద సైజు బోన్లు నాలుగు కొన్నాం, ఒక్కోటి 6,800 రూపాయలు, పైగా యాప్‌కి ఏటా 1,500. అంతకుముందు మామూలు ఇనుప బోన్లే ఉండేవి. కొక్కేనికి ఎండుచేపో కొబ్బరి ముక్కో గుచ్చి పెడితే వాచ్‌మన్ అన్న పొద్దునా రాత్రీ తిరిగి చూసుకునేవాడు. కొత్తవి వచ్చాక ఆ తిరగడం ఆగిపోయింది.

ఒక శనివారం పొద్దున కింది బేస్‌మెంట్ మూల నుంచి ఏదో మూలుగు వినిపిస్తోందని ఒకావిడ ఫోన్ చేశారు. వెళ్ళి చూస్తే బోనులో పునుగు పిల్లి. తీగలు కొరికి కొరికి మూతి నిండా రక్తం, లేచే ఓపిక కూడా లేదు. కెమెరా చూస్తే తలుపు పడింది గురువారం రాత్రి! యాప్‌లో మాత్రం ఆ బోను పక్కన పచ్చ గుర్తు, ‘ఖాళీ’ అని. "ఫోన్‌కే వస్తుందన్నారు కదా సార్, అందుకే చూడలేదు" అన్నాడు వాచ్‌మన్ అన్న. అతని తప్పేం లేదు, మేం చెప్పిందే అది. పునుగు పిల్లికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది, అందుకని వెంటనే అటవీ శాఖకి చెప్పాం. వాళ్ళు తీసుకెళ్ళారు, బతికింది. ఆ రెండు రాత్రులు తలుచుకుంటే ఇప్పటికీ మనసు పాడవుతుంది.

జరిగింది ఇదీ. తలుపుకి అయస్కాంతం, చట్రానికి చిన్న స్విచ్ ఉంటాయి, తలుపు పడగానే సిమ్ ద్వారా మెసేజ్ పోవాలి. కింది బేస్‌మెంట్‌లో సిగ్నలే లేదు, మెసేజ్ పోలేదు, యాప్ పాత సమాచారమే చూపిస్తూ ఉండిపోయింది. జియో సిమ్ వేద్దామంటే లోపలున్నది 2జీ పరికరం, జియోకి 2జీ లేదు. అమ్మినవాళ్ళేమో నెట్‌వర్క్ మా బాధ్యత కాదు, కట్టిన డబ్బు వెనక్కి రాదు అన్నారు.

మెసేజ్ రాలేదంటే బోను ఖాళీగా ఉన్నట్టా, పరికరం పాడైనట్టా? అది తెలియాలంటే పరికరం రోజుకి ఒకటి రెండుసార్లైనా పనిచేస్తున్నానని తనంతట తాను కబురు పంపాలి, ఆ కబురు ఆగితే యాప్ మనల్ని హెచ్చరించాలి. మేం కొన్నదాంట్లో అదే లేదు.

ఊరి బయట తోటల్లో, సిగ్నల్ బాగున్నచోట ఇవి నిజంగా ఉపయోగమే, ఖాళీ బోను చూడ్డానికి రోజూ అంత దూరం పోయే పని తప్పుతుంది. లిఫ్ట్ దిగితే కనిపించే బోనుకి మాత్రం మనిషి కన్నే నయం. మేం పాత బోన్లే మళ్ళీ పెట్టాం, చూసిన టైమ్ నోట్‌బుక్‌లో రాయిస్తున్నాం. అలాగని జిగురు అట్టల జోలికి మాత్రం పోకండి, అది ఇంకా ఘోరం.

కొనక తప్పదనుకుంటే డబ్బు కట్టేముందే బోను పెట్టబోయే చోటికే తెప్పించి, తలుపు చేత్తో మూసి మెసేజ్ ఎంతసేపటికి వస్తుందో చూడండి. తర్వాత బ్యాటరీ తీసేసి ఒక రోజు వదిలేసి, యాప్ హెచ్చరిస్తుందో లేదో చూడండి. మేం ఆ పని ఆలస్యంగా చేశాం. రెండు రోజుల తర్వాత కూడా పచ్చ గుర్తు అలాగే ఉంది.