గోడ పగలగొట్టకముందే నీళ్లెవరివో తేల్చిన ప్లంబర్

మా ఇల్లు ఒంగోలులో, మంగమూరు డొంక వైపు. మా వంటింటి గోడకీ పక్కింటి గోడకీ మధ్య రెండడుగుల సందు ఉంది. మూడు నెలలుగా అందులో నీళ్లు ఊరుతూనే ఉన్నాయి. మా గోడ మోకాలెత్తు దాకా చెమ్మెక్కింది, పెయింటు పొక్కులు లేచి వేలితో తాకితే పొడి రాలేది. వాళ్ల బోరు పైపు ఆ సందులోంచే పోతుంది కాబట్టి లీకు వాళ్లదేనని మేము. మా బాత్‌రూమ్ నీళ్లేనని పక్కింటి పిన్ని. పదిహేనేళ్లుగా ఉగాది పచ్చడి ఇచ్చిపుచ్చుకున్న ఇళ్ల మధ్య మాటల్లేకుండా పోయాయి. ముందు వచ్చిన ఇద్దరు ప్లంబర్లూ ఎవరు పిలిస్తే వాళ్లకి అనుకూలంగానే చెప్పారు. ఒకాయనైతే పిన్ని వాళ్ల అరుగు పగలగొట్టాల్సిందేనన్నాడు.

మూడో ఆయనకి డొంక దగ్గరే చిన్న షాపు. వచ్చీ రాగానే పిన్నిని కూడా పిలవమన్నాడు. "అక్కా, ముందు ఈ నీళ్లెవరివో తేలుద్దాం. గోడ ఎప్పుడైనా పగలగొట్టొచ్చు" అన్నాడు.

సందులో జానెడు గుంట తీసి, ఊరిన నీళ్లు తేరుకున్నాక స్టీలు గ్లాసులోకి తీశాడు. నీళ్లలో కరిగిన ఉప్పులు ఎంతో చూపే, పెన్నులాంటి టీడీఎస్ మీటరు ముంచితే 410 చూపించింది. పిన్ని వాళ్ల బోరు నీళ్లు 1640. మా సంపులోని సాగర్ నీళ్లు, అంటే నాగార్జునసాగర్ నుంచి వచ్చే కుళాయి నీళ్లు, 290. మా వైపు బోరు నీళ్లు నోట్లో పోసుకుంటేనే ఉప్పగా ఉంటాయి. "బోరు నీళ్లయితే ఇంత తక్కువ రాదు. సాగర్ నీళ్లే, మట్టిలో ఉప్పు తగిలి కాస్త పెరిగింది" అన్నాడు. పిన్ని వాళ్లకి సాగర్ కుళాయి ఉన్నది వీధి గేటు దగ్గరే, ట్యాంకులోకి ఎక్కేది బోరు నీళ్లు. నా గుండెలో రాయి పడింది.

అంతటితో ఊరుకోలేదు. పిన్ని అనుమానం కూడా తీరాలని మా బాత్‌రూమ్ జాలీలో రంగు కలిపిన నీళ్లు పోశాడు. మర్నాటికి కూడా సందులో రంగు కనపడలేదు. రాత్రి కుళాయిలన్నీ కట్టేయించి, ట్యాంకులో నీటిమట్టం దగ్గర గీత గీశాడు. తెల్లారేసరికి నాలుగు వేళ్లు దిగింది. రెండో రాత్రి వంటింటి లైను వాల్వు ఒక్కటే కట్టేస్తే చుక్క కూడా దిగలేదు. సింకు కింద ఒక్క చోటే పగలగొట్టాడు. పైపు మలుపులో ఉండే పాత జీఐ (ఇనుప) ఎల్బో తుప్పుపట్టి, అడుగున చిల్లు. లీకు మాదే. పిలిచింది మేము, డబ్బులిచ్చేది మేము, అయినా ఆ మాట పిన్ని ముందే చెప్పాడు. నేను ఈ రివ్యూ రాస్తున్నది అందుకే.

పరీక్షలకి 800, సీపీవీసీ (ప్లాస్టిక్) పైపూ కూలీ కలిపి 3,400 అయింది. వస్తానన్న రోజు కాకుండా మూడు రోజులు ఆలస్యంగా వచ్చాడు, మధ్యలో ఫోన్ ఎత్తలేదు. ఆ టెన్షన్ మాకు చాలా ఇబ్బంది. సిమెంటు పూత కూడా గరుకుగా వదిలేశాడు, మేస్త్రీని వేరే పిలవాల్సి వచ్చింది. కానీ అడగ్గానే రీడింగులన్నీ కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. ఆ కాగితం చిన్న విషయం కాదు. అప్పటికే మేము జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్దామనుకుంటున్నాం. కేసు వేయకముందే, ఫీజు లేకుండా అక్కడ ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ చేస్తారు, 15100కి ఫోన్ చేస్తే సలహా చెప్తారు. అక్కడికెళ్లినా మొదటి ప్రశ్న నీళ్లు ఎక్కడివన్నదే కదా.

వెళ్తూ వెళ్తూ ఆయన చెప్పింది అందరికీ పనికొస్తుంది. కుళాయి వచ్చే రోజే చెమ్మ పెరిగితే వీధి కనెక్షన్ చూడాలి. రోజూ ఒకేలా ఉంటే ట్యాంకు లైను. స్నానాలయ్యాక పెరిగితే డ్రైనేజీ.

ఆ సాయంత్రమే పిన్ని దగ్గరికెళ్లి తప్పు మాదేనని చెప్పాను. వాళ్ల గోడకి తగిలిన చెమ్మ బాగుచేయించే ఖర్చు మేమే పెట్టుకుంటామన్నాం. గోడ పూర్తిగా ఆరేదాకా, కనీసం నెల రోజులు పెయింటు వేయొద్దన్నాడు ప్లంబర్. ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. సందులో మట్టి పొడిగా ఉంది.