లుకేమియా వైరస్ ఉన్న షెల్టర్ పిల్లికి ఏ ఇల్లు మేలు?

షెల్టర్‌లో ఒక పిల్లి కార్డు మీద ‘ఎఫ్‌ఈఎల్‌వీ పాజిటివ్’ అని రాసి ఉందంటే, చూడ్డానికి వచ్చినవాళ్లు మెల్లగా పక్క బోను వైపు జరిగిపోతారు. లోపలున్న పిల్లి మాత్రం బొద్దుగా, నున్నగా, ఊచల్లోంచి పంజా చాపి పలకరిస్తూ ఉండొచ్చు. ఫెలైన్ లుకేమియా వైరస్ (ఎఫ్‌ఈఎల్‌వీ అంటే ఇదే) సోకిన పిల్లులు చాలా నెలలు, ఒక్కోసారి ఏళ్లు, అచ్చం మామూలు పిల్లుల్లాగే ఉంటాయి. అలాంటిదానికి ఇల్లు వెతికేవాళ్ల ముందు నాలుగు దారులుంటాయి: వేరే పిల్లి లేని ఇల్లు, ఇదే వైరస్ ఉన్న ఇంకో పిల్లి ఉన్న ఇల్లు, టీకాలు వేయించిన ఆరోగ్యమైన పిల్లులున్న ఇల్లు, ఇలాంటి పిల్లులనే చేరదీసే ఆశ్రయం. వీటిలో ఏది మేలో తేల్చేముందు, ఆ ‘పాజిటివ్’ నిజమో కాదో తేల్చుకోవాలి.

షెల్టర్లలో చేసేది రెండుమూడు చుక్కల రక్తంతో అయిపోయే చిన్న టెస్ట్. పది నిమిషాల్లో కిట్ మీద రంగు చుక్క పడుతుంది, లేదా పడదు. అది పట్టేది వైరస్ తాలూకు పీ27 అనే ప్రొటీన్‌ని. ఆరోగ్యంగా కనిపిస్తున్న పిల్లికి ఆ ఒక్క చుక్కని చూసి జీవితం నిర్ణయించకూడదు. ల్యాబ్‌కి పంపి పీసీఆర్ లాంటి ఇంకో పరీక్ష చేయించాలి, కొన్ని వారాలు ఆగి మళ్లీ చూడాలి. ఎందుకంటే కొన్ని పిల్లుల ఒంట్లో రోగనిరోధక శక్తి వైరస్‌ని అణిచేస్తుంది. వైరస్ డీఎన్‌ఏ కణాల్లో దాగి ఉన్నా, మామూలు రోజుల్లో వాటి నుంచి ఇంకో పిల్లికి అంటదు. దీన్ని రిగ్రెసివ్ అంటారు. ప్రోగ్రెసివ్ అయితే వైరస్ రక్తంలో తిరుగుతూ, ఉమ్ములోకి వస్తూనే ఉంటుంది. కార్డు మీద రెండింటికీ ఒకే మాట రాసినా, ఆ రెండు పిల్లుల భవిష్యత్తు ఒకటి కాదు. రెండో టెస్ట్ వచ్చేదాకా పిల్లిని ‘పాజిటివ్ గది’లో పడేయడం మాత్రం ఘోరం. మొదటి ఫలితం తప్పయితే, లేని జబ్బుని మనమే అంటించినవాళ్లమవుతాం.

ఇక ఇళ్ల సంగతి. వేరే పిల్లి లేని ఇల్లు అన్నిటికన్నా సులువైన జవాబు. అంటించడానికి ఎవరూ ఉండరు, బయటి నుంచి జలుబూ దగ్గూ మోసుకొచ్చే తోటి పిల్లి ఉండదు. కుక్క ఉన్నా ఇబ్బంది లేదు, ఇది కుక్కలకి సోకదు. మనుషులకీ సోకదు, కాబట్టి పిల్లలున్న ఇంటివాళ్లని వెనక్కి పంపడంలో అర్థం లేదు. షెల్టర్లవాళ్లే ఒక్కోసారి ‘జబ్బు పిల్లి కదా’ అని ఇలాంటి కుటుంబాల్ని వదులుకోవడం చూస్తే చిరాకేస్తుంది. వయసొచ్చిన, మనిషి ఒడినే కోరుకునే పిల్లికి నేను మొదట చూసేది ఇలాంటి ఇంటినే.

కానీ ఆర్నెల్ల కూనని తెచ్చి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా తాళం వేసి ఉండే ఇంట్లో ఒంటరిగా పెడితే అది పరదాలు చింపుతుంది, లేదా మూల కూర్చుని డల్ అయిపోతుంది. అలాంటివాటికి జంట కావాలి. షెల్టర్‌లో ఒకే గదిలో పెరిగి, ఒకదాని మెడ మీద ఇంకోటి తల పెట్టుకుని పడుకునే రెండు పాజిటివ్ కూనలుంటే వాటిని విడదీయకుండా కలిపే ఇవ్వడం మేలు. ఆడుకోవడానికి తోడు ఉంటుంది, ఒకదాన్నుంచి ఇంకోదాన్ని దూరంగా ఉంచాల్సిన పని ఉండదు. ఖర్చు మాత్రం రెండింతలు. ఇంకో చిక్కుంది, దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. ఈ జబ్బులో తిండి తగ్గడం తొలి గుర్తుల్లో ఒకటి. రెండు పిల్లులు ఒకే గిన్నెలో తింటుంటే, సాయంత్రానికి గిన్నె సగం మిగిలి ఉంటే, మానేసింది ఏదో తెలియదు. నాలుగైదు రోజులు పోయాక, ఎత్తుకున్నప్పుడు ఒకటి తేలిగ్గా అనిపిస్తే అప్పుడు గుండె గుభేలుమంటుంది. అందుకే జంటని తీసుకునేవాళ్లకి విడివిడిగా తిండి పెట్టమని, వారానికోసారి తూకం వేయమని గట్టిగా చెప్పాలి. రెండిట్లో ఒకటి ముందు పోతుందన్న మాట కూడా అప్పుడే చెప్పేయాలి. మిగిలినదానికి మళ్లీ ఒక పాజిటివ్ తోడుని తెస్తారా, ఒంటరిగా ఉంచుతారా అన్నది వాళ్లు ముందే ఆలోచించుకుంటారు.

ఎక్కువ వాదనలు నడిచేది మూడో దారి మీద. ‘మా పిల్లులన్నింటికీ టీకా వేయించాం, దీన్ని కూడా తీసుకుంటాం’ అని వచ్చేవాళ్లు మంచి మనసున్నవాళ్లే. ఫెలైన్ లుకేమియాకి మొదటి టీకా 1985లో అమెరికాలో వచ్చింది, ఇప్పుడున్నవి ఉపయోగపడతాయి కూడా. మొదట మూడు నాలుగు వారాల తేడాతో రెండు డోసులు, ఏడాదికి బూస్టర్. వేసేముందు పిల్లికి వైరస్ లేదని టెస్ట్‌లో తేలి ఉండాలి, ఇదివరకే సోకినదానికి టీకా చేసేదేమీ లేదు. ఇంతా చేసినా ఏ టీకా నూటికి నూరు పాళ్లు కాపాడదు. పెద్ద పిల్లులకి సహజంగానే కొంత తట్టుకునే శక్తి ఉంటుంది, అదీ పూర్తి కవచం కాదు. ఈ వైరస్ ముఖ్యంగా ఉమ్ములో ఉంటుంది. ఒకదాన్నొకటి నాక్కోవడం, ఒకే గిన్నెలో నీళ్లు తాగడం, కొరుక్కోవడం, అంటే పిల్లులు స్నేహంగా ఉన్నా గొడవపడినా అంటుకునే దారి ఉన్నట్టే.

చాలామంది ఇక్కడ ఎఫ్‌ఐవీతో, అంటే పిల్లుల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే ఇంకో వైరస్‌తో, కలగాపులగం చేస్తారు. ఎఫ్‌ఐవీ ఎక్కువగా లోతైన కాటు ద్వారా పాకుతుంది, అందుకే కొట్టుకోని పిల్లుల మధ్య అది సోకిన పిల్లిని కలిపి ఉంచడానికి కొందరు వెట్లు (పశువైద్యులు) ఒప్పుకుంటారు. ఆ సలహాని తెచ్చి లుకేమియాకి అతికిస్తే కుదరదు.

వేరే గదిలో ఉంచుతామంటే? వైరస్ బయట పొడి చోట కొన్ని గంటలకి మించి బతకదు, మామూలు సబ్బుకే చస్తుంది, కాబట్టి విడి గది, విడి గిన్నెలు, విడి లిట్టర్ పెట్టె ఉంటే పనికొస్తుంది. కానీ తలుపు ప్రతిసారీ మూయాలి. చేతిలో సామాన్లతో వచ్చినవాళ్లు, ఆడుకుంటున్న పిల్లలు, ఇంటికొచ్చిన చుట్టాలు, అందరూ మూయాలి, ఏళ్ల తరబడి. లోపలున్నది కూడా ఆ ఒక్క గదిలోనే బతకాలి. ప్రోగ్రెసివ్ అని తేలిన పిల్లికి ఇది నా జాబితాలో ఆఖరిది. రిగ్రెసివ్ అని ల్యాబ్ చెప్పినదానికి, వెట్‌తో మాట్లాడి, టీకా వేసిన పెద్ద పిల్లులున్న ఇంటిని ఆలోచించొచ్చు.

ఆశ్రయాల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. నడిపేవాళ్లకి ఈ జబ్బు అనుభవంతో తెలుసు, మందులకి తడుముకోరు. కానీ ఖాళీ దొరకడం కష్టం, గుంపులో జలుబు లాంటివి ఊరికే పాకుతాయి, ఒడి దొరకదు. మనిషి చేయి తగిలితేనే బుసకొట్టే, వీధిలో పెరిగిన పాజిటివ్ పిల్లికి మాత్రం ఇదే సరైన చోటు. దాన్ని తిరిగి వీధిలో వదిలితే అక్కడున్నవాటికి అంటుతుంది.

ఇంతదాకా చెప్పిన వరసంతా గది గురించి, తోడు గురించి. నాకు వీటన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది టైమ్. ప్రోగ్రెసివ్ అని తేలిన పిల్లుల్లో చాలావరకు, ఆ కబురు తెలిశాక మూడేళ్ల లోపే పోతాయి. కారణాలు రక్తహీనత, లింఫోమా అనే క్యాన్సర్, తట్టుకోలేని ఇన్‌ఫెక్షన్లు. కొన్ని ఎక్కువ కాలం బతుకుతాయి, అవి బతికినన్నాళ్లూ బాగానే బతుకుతాయి. అందుకే పాజిటివ్ అన్న ఒక్క కారణంతో చంపే ఇంజెక్షన్ ఇవ్వకూడదని అమెరికాలోని పిల్లి వైద్యుల సంఘం 2020 మార్గదర్శకాల్లో కూడా ఉంది. అంత చిన్న ఆయుష్షులో సరైన ఇల్లు కోసం ఆరు నెలలు బోనులో కాపలా కాయడం పెద్ద నష్టం. టెన్షన్‌కి రోగనిరోధక శక్తి ఇంకా పడిపోతుంది కూడా.

అందుకని దత్తతా, జీవితాంతం ఫోస్టరా (పిల్లి షెల్టర్‌దిగానే ఉంటూ ఒకరింట్లో పెరగడం) అని అడిగితే, ముందు ఎవరు తలుపు తీస్తే వాళ్లకే ఇవ్వమంటాను, ఆ ఇంట్లో వైరస్ లేని పిల్లి లేకపోతే. ‘ఇష్టమే, కానీ ఆసుపత్రి ఖర్చు భరించలేం, చనిపోతే తట్టుకోలేం’ అనేవాళ్లు దత్తత కాగితం మీద సంతకం పెట్టరు. వైద్యం ఖర్చు షెల్టర్ చూసుకుంటుందంటే వాళ్లే ఈ వారమే తీసుకెళ్తారు. పెద్ద ఇల్లు, కిటికీ దగ్గర పిల్లి మంచం అన్నీ ఉన్న కుటుంబం నాలుగు నెలల తర్వాత వస్తుందేమో అన్న ఆశకన్నా, ఇవాళ ఒక గది, ఒక మనిషి దొరకడం మేలు.

ఆ మనిషిని ఎంచుకునేటప్పుడు ఇంటి సైజు అడగకండి. పిల్లిని బయటికి వదలరు కదా, పచ్చి మాంసం పెట్టరు కదా, ఆర్నెల్లకోసారి రక్తపరీక్షకి తెస్తారా అని అడగండి. పై పెదవి వేలితో కొంచెం ఎత్తి చిగుళ్లు చూడడం అక్కడే నేర్పి పంపండి: గులాబీ రంగులో ఉండాల్సినవి పాలిపోయి తెల్లగా ఉన్నాయంటే ఆ రోజే ఫోన్ చేయాలి. రాత్రిపూట ఆ ఫోన్ ఎవరు ఎత్తాలి, ఎంత ఖర్చు దాకా అడక్కుండా పెట్టొచ్చు, బాధ ఎక్కువైనప్పుడు చివరి నిర్ణయం ఎవరిది అన్నవి పిల్లిని బుట్టలో పెట్టకముందే కాగితం మీద రాసుకోండి.